తుపాకి: హక్కా, అనుమతా?

తుపాకి అన్న మాట మన భాషలో పుట్టింది కాదు. టర్కీవాళ్ళ నోట బయలుదేరి, హిందూస్థానీ మీదుగా దక్కనుకు దిగి, కన్నడిగుల దగ్గరా తమిళుల దగ్గరా మన దగ్గరా కొద్దికొద్ది మార్పులతో స్థిరపడిపోయింది. మాట పరాయిదైనా మనవాళ్ళు దాన్ని చక్కగా సొంతం చేసుకున్నారు. ఎవరికీ చిక్కకుండా తిరిగే పెద్దమనిషిని తుపాకి దెబ్బకు కూడా దొరకడంటాం. కోతలు కోసేవాణ్ణి తుపాకి రాముడంటాం. తెలంగాణ పల్లెల్లో పిట్టల దొర అని ఒక వేషం ఉంది. ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజాన ఒక కట్టె తుపాకి. ఆ వేషగాడు ఇంటింటి ముందూ నిలబడి, తనకు లేని మేడల గురించీ, చెయ్యని వేటల గురించీ గుక్క తిప్పుకోకుండా చెబుతూంటే పిల్లలూ పెద్దలూ పొట్టలు పట్టుకుని నవ్వుతారు.

ఆ నవ్వులో ఒక చరిత్ర ఉంది. చేతిలో తుపాకి ఉన్నవాడు దొర; లేనివాడు రైతు. కట్టె తుపాకి పట్టుకున్నా సరే, పేదవాడు కాసేపు దొర అయిపోతాడు. ఈ దేశంలో తుపాకి చట్టాల కథంతా ఈ వేషంలోనే ఇమిడి ఉందని నాకు అనిపిస్తుంది.

ఈమధ్య మా కళాశాలలో విద్యార్థుల చర్చా పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చోవలసి వచ్చింది. "ఆత్మరక్షణ కోసం తుపాకి ఉంచుకోవడం పౌరుని హక్కు కావాలి" అన్నది విషయం. అనుకూలంగా మాట్లాడినవారికే చప్పట్లు ఎక్కువ పడ్డాయి. వారి వాదాలు కొట్టిపారవేయదగినవి కావు. దొంగ లైసెన్సు అడిగి తుపాకి కొనడు కదా, చట్టం చేతులు కట్టేది మర్యాదస్తుడికే గదా అన్నాడొక కుర్రవాడు. పొలంలో ఒంటరిగా కాపురమున్న ఇంటికి పోలీసులు వచ్చేసరికి తెల్లవారుతుంది, అప్పటిదాకా ఎవరు దిక్కు అన్నది ఒక అమ్మాయి. అమెరికాలో ఉన్న హక్కు మనకెందుకు లేదని మరొకరు అడిగారు. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు వెతకాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

లిట్టన్ దొర ఇచ్చిన కానుక

1857 తిరుగుబాటు తెల్లదొరలకు ఒక పాఠం నేర్పింది. ఈ దేశస్థుల చేతుల్లో ఆయుధాలు ఉండనిస్తే తమ ఏలుబడి నిలవదని వారు గ్రహించారు. అప్పటినుంచి ఒకటొకటిగా కట్టుబాట్లు బిగించుకుంటూ వచ్చి, చివరకు 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా ఆయుధాల చట్టం చేశారు. లైసెన్సు లేకుండా భారతీయుడు తుపాకి పట్టరాదు. ఇంగ్లీషువాడికి, ఆంగ్లో ఇండియనుకు మాత్రం ఆ నిర్బంధం లేదు. నేరం ఆయుధంలో లేదు, పట్టుకున్న చేతి రంగులో ఉంది!

అదే సంవత్సరం దేశభాషల పత్రికల నోరు నొక్కే చట్టం కూడా వచ్చింది. ఒకే ఏడు ఒక చట్టంతో చేతిలోని ఆయుధాన్నీ, ఇంకొక చట్టంతో చేతిలోని కలాన్నీ లాక్కోవాలని చూశారన్నమాట. పత్రికల చట్టాన్ని రిప్పన్ కాలంలో 1882లో తీసివేశారు గాని, ఆయుధాల చట్టం జోలికి ఎవరూ పోలేదు. చట్టంలోని జాతి భేదం మొదటి ప్రపంచ యుద్ధం తరువాత గాని తొలగలేదు. చట్టం మాత్రం స్వరాజ్యం వచ్చాక కూడా చాలా ఏళ్ళు బతికే ఉంది.

నిరాయుధులైన జనం తిరగబడదలుస్తే ఏం చెయ్యాలి? మన మన్యమే జవాబు చెప్పింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వరుసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులూ తూటాలూ తీసుకుపోయాడు. ఏమేమి తీసుకున్నదీ స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడు. కొండవాడికి తుపాకి దొరికే చోటు ఆనాడు ఒక్క పోలీసు స్టేషనే. నిజాం రాజ్యంలో రజాకార్ల తుపాకులకు ఎదురు నిలిచిన తెలంగాణ రైతుల చేతుల్లో మొదట ఉన్నవి పిట్టల్ని తోలే వడిసెలలూ, కర్రలూ, కారప్పొడీ.

గాంధీగారు అడిగిన లైసెన్సు

అహింస అనగానే మనకు గుర్తుకు వచ్చేది గాంధీ మహాత్ముడు. కాని ఆయుధాల చట్టాన్ని ఆయన తిట్టినంతగా తిట్టినవారు తక్కువ. ఒక జాతినంతనూ నిరాయుధం చేసిన ఆ శాసనాన్ని బ్రిటిషు పాలనలోని అకృత్యాలలోకెల్లా నల్లనిదిగా చరిత్ర లెక్కిస్తుందని 1918లో ఆయన రాశారు. 1930 జనవరిలో, ఉప్పు సత్యాగ్రహానికి కొద్ది వారాల ముందు, ప్రభుత్వం ముందు పదకొండు కోర్కెలు పెట్టారు. ఉప్పు పన్ను రద్దు, మద్యనిషేధం, భూమిశిస్తు తగ్గింపు వంటి వాటి సరసన ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలన్న కోరిక కూడా ఉంది. ఐతే దానికొక షరతు పెట్టారు: ఆ లైసెన్సులు ప్రజల అదుపులో ఉండాలి.

ఆ షరతును గమనించండి. తుపాకి పట్టలేక అహింసావాది కావడం వేరు, పట్టగలిగి వద్దనుకోవడం వేరు. మొదటిది చేతకానితనం, రెండవదే అహింస. మహాత్ముడు ఆ చట్టంలో చూసిన పాపం ప్రజల్ని మొదటి స్థితిలో ఉంచడమే. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానం చేసినప్పుడు, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కును కూడా అందులో చేర్చింది.

రాజ్యాంగం గడప దగ్గర

మరి స్వరాజ్యం వచ్చాక ఆ హక్కు ఏమైంది? 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో స్వాతంత్ర్యపు హక్కుల మీద చర్చ జరుగుతూండగా హెచ్.వి. కామత్ ఆ ప్రశ్నే వేశారు. కరాచీలో చేసిన వాగ్దానాన్ని గుర్తుచేసి, ఆయుధం ఉంచుకునే హక్కును రాజ్యాంగంలో చేర్చాలని సవరణ ప్రతిపాదించారు. డాక్టరు అంబేద్కర్ ఒప్పుకోలేదు. ప్రతి మనిషీ ఏ అడ్డూ లేకుండా బజారుకు పోయి మారణాయుధాలు కొనుక్కోవచ్చునంటే రాజ్యం పరిపాలన సాగేదెలా అని ఆయన వాదం. సవరణ వీగిపోయింది.

అందువల్ల మన రాజ్యాంగంలో సభ చేసుకునే హక్కు ఉంది గాని, అది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా. సిక్కులు కృపాణం ధరించడాన్ని మాత్రం మతస్వాతంత్ర్యంలో భాగంగా ఒప్పుకున్నారు. పరాయివాడు మన తుపాకి లాక్కోవడం ఒకటి, మన ప్రతినిధులు కూర్చుని అందరికీ ఒకే కట్టుబాటు పెట్టుకోవడం ఇంకొకటి. అంబేద్కర్ గారి వాదానికి బలం ఇదే.

చట్టం ఏమంటుంది?

లిట్టన్ చట్టం స్థానంలో మనం చేసుకున్న చట్టం 1959 నాటిది. అమలులోకి వచ్చింది 1962 అక్టోబరు 1న. ఇరవై ఒక్క సంవత్సరాలు నిండినవారు దరఖాస్తు పెట్టుకోవచ్చు. జిల్లాల్లో కలెక్టరు, పెద్ద నగరాల్లో పోలీసు కమిషనరు లైసెన్సు ఇస్తారు. అంతకుముందు పోలీసు విచారణ ఉంటుంది. నిషిద్ధ ఆయుధాలుగా చెప్పబడే వాటికి కేంద్ర ప్రభుత్వపు అనుమతే కావాలి. లైసెన్సు నిరాకరిస్తే కారణాలు రాయాలి. పైవారికి అప్పీలు చేసుకోవచ్చు.

ఈ చట్టంలో చాలామందికి తెలియని రెండు మంచి మాటలున్నాయి. రైతు పంట కాపాడుకోవడానికి మందు దట్టించే పాతరకం తుపాకి అడిగితే, అభ్యంతరాలేవీ లేనప్పుడు ఇవ్వవలసిందే అన్నది ఒకటి. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించరాదన్నది రెండవది. తుపాకి దొరల సొత్తు కాదని చట్టం స్పష్టంగానే చెప్పింది. ఆ మాటను ఆచరణలో ఎంతవరకు పాటిస్తున్నామో పెళ్ళి ఊరేగింపులలో తుపాకి వేలాడేసుకుని ముందు నడిచే అంగరక్షకులను చూస్తే తెలుస్తుంది.

2016 నాటి నియమాలు శిక్షణ పొందాలన్నాయి, ఆరోగ్య పత్రం తెమ్మన్నాయి, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు ఉండాలన్నాయి. 2019లో చట్టాన్ని సవరించి, ఒక మనిషికి మూడు తుపాకుల వరకూ ఉన్న పరిమితిని రెండుకు తగ్గించారు. లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెంచారు. పెళ్ళిళ్ళలోనూ పండుగల్లోనూ సంబరానికి తుపాకి పేల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ళ వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా అన్నారు. దొంగతనంగా తుపాకులు తయారుచేసి అమ్మేవారికి ఏడేళ్ళ నుంచి యావజ్జీవం వరకూ శిక్ష పెట్టారు.

తుపాకి లేకపోయినంత మాత్రాన ఆత్మరక్షణ హక్కు లేదని అర్థం కాదు. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 34వ సెక్షను నుంచి 44వ సెక్షను దాకా ఆ హక్కు గురించే. ప్రాణానికి ముప్పు వచ్చినప్పుడు చేతికందిన రోకలితో కొట్టినా చట్టం తప్పు పట్టదు. హక్కు రక్షణకు ఉంది, తుపాకికి లేదు.

కొడగువారి పువ్వు

ఒక విచిత్రం. ఇదే దేశంలో, మనకు అంత దూరం కాని కొడగు సీమలో, లైసెన్సు అక్కరలేకుండా తుపాకి ఉంచుకునే జనం ఉన్నారు. 1861లో మార్క్ కబ్బన్ ఇచ్చిన మినహాయింపు అది. కొడవ జాతివారికీ, జమ్మా భూములున్న వారికీ నేటికీ సాగుతోంది. 2019లో దాన్ని 2029 దాకా పొడిగించారు. దీన్ని ప్రశ్నిస్తూ వేసిన పిటిషనును కర్ణాటక హైకోర్టు 2021లో తోసిపుచ్చింది.

కొడవలకు తుపాకి ఇంట్లో ఒక మనిషి వంటిది. కైల్‌పొళ్దు అని ఆయుధాల పండుగ చేసుకుంటారు. మన ఆయుధపూజ వంటిదే. అడవినాభి పువ్వును వారు తుపాకి పువ్వు అంటారు. ఆ పండుగనాడు దాన్ని తుపాకి గొట్టం కొసన పెట్టి పూజిస్తారు. ఇంట పుట్టుకనూ చావునూ తుపాకి చప్పుడుతో ఊరికి తెలియజేసే ఆచారం వారిది. ఇంటింటా తుపాకి ఉన్నా ఆ సీమ రణరంగం కాలేదు. తరతరాల కట్టుబాటు, పెద్దల కన్ను తుపాకిని అదుపులో పెట్టాయి. అటువంటి కట్టుబాటును చట్టం ఒక్క పూటలో పుట్టించలేదు. కొడగును చూపి అందరికీ తుపాకులు ఇవ్వమనడం తాతగారి వాచీని చూపి మనుమడికి సమయపాలన వచ్చిందనడం వంటిది.

అమెరికా మాట

అమెరికా రాజ్యాంగానికి 1791లో చేర్చిన రెండవ సవరణ ప్రజల ఆయుధపు హక్కును చెబుతుంది. ఆ వాక్యం సాయుధ ప్రజాదళాల గురించా, ఒక్కొక్క పౌరుని గురించా అని చాలాకాలం తర్జనభర్జన జరిగింది. 2008లో వారి సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు కాగా, ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకి ఉంచుకోవడం వ్యక్తి హక్కేనని తేల్చింది. 2022లో ఇంకొక అడుగు ముందుకు వేసింది. బయట తుపాకి వెంట తీసుకు తిరగాలంటే ప్రత్యేకమైన అవసరం చూపాలన్న న్యూయార్కు చట్టాన్ని కొట్టివేసింది.

ఇక్కడే మనకూ వారికీ తేడా. పిస్తోలు అడిగినవాణ్ణి "నీకెందుకు?" అని మన చట్టం అడుగుతుంది. "నీకెందుకు ఇవ్వకూడదో ప్రభుత్వమే చూపించాలి" అంటుంది అమెరికా చట్టం. 2023 ఫిబ్రవరిలో మన సుప్రీంకోర్టు, లైసెన్సులేని ఆయుధాల బెడద గురించి విచారిస్తూ, అమెరికాలో మాదిరి ఆయుధ హక్కును మన రాజ్యాంగం ఎవరికీ ఇవ్వలేదని మళ్ళీ గుర్తు చేసింది.

ఆ హక్కు ఫలితం ఎలా ఉంది? 2021లో అమెరికాలో తుపాకివల్ల పోయిన ప్రాణాలు 48 వేలకు పైగా. అందులో సగానికి పైగా హత్యలు కావు, ఆత్మహత్యలు! దొంగకోసం కొని దాచిన తుపాకి, ఇంట్లోవాళ్ళకు మనసు బాగాలేని ఒక రాత్రి చేతికందుతుంది. విషమైనా నీరైనా మనిషి మనసు మార్చుకోవడానికి కాస్త వ్యవధి ఇస్తాయేమో, తుపాకి ఇవ్వదు. అక్కడ చదువుకోను వెళ్ళిన మన పిల్లలు కాల్పులకు బలి అయ్యారన్న వార్త పత్రికలో చూసినప్పుడల్లా ఇక్కడ ఏదో ఒక ఊళ్ళో ఒక తల్లి గుండె ఆగినంత పనవుతోంది.

మేకు ఖాళీగా ఉన్న రోజు

లెక్కల మాట అటుంచి నేనెరిగిన సంగతి ఒకటి చెబుతాను. మా మేనమామది చిత్తూరు జిల్లాలో అడవి అంచున ఒక పల్లె. వేరుశనగ పండించేవాడు. అడవిపందుల బెడద. అందుకని లైసెన్సు తీసుకుని, మందు దట్టించే తుపాకి ఒకటి ఉంచుకున్నాడు. పందిని చంపడానికి కాదు, అది నేరం. రాత్రిపూట గాలిలోకి ఒక్క దెబ్బ పేలిస్తే మంద బెదిరిపోతుంది. పగలంతా ఆ తుపాకి నడవలో మేకుకు వేలాడుతూండేది.

1999 ఎన్నికలు వచ్చాయి. అందరితో పాటు ఆయనా తుపాకిని పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకున్నాడు. సరిగ్గా కాయ పట్టే రోజులు. పది రాత్రుల్లో పందులు అర ఎకరం తవ్విపోశాయి. డప్పు కొట్టినా, మంట వేసినా లాభం లేకపోయింది. మామ కడుపు రగిలిపోతూన్న ఆ సమయంలోనే పొలం గట్టు దగ్గర దాయాదితో తగాదా వచ్చింది. మాట మీద మాట పెరిగింది. మామ విసురుగా ఇంట్లోకి వచ్చి నడవలో మేకు వైపు చూశాడు. మేకు ఖాళీ. మూల ఉన్న కర్ర తీసుకుని తిరిగి బయటికి వెళ్ళేసరికి మా అత్తా, దాయాది భార్యా మధ్యలో నిలబడి ఉన్నారు. ఆ సాయంత్రానికి తగాదా పెద్దమనుషుల ముందుకు వెళ్ళింది.

చాలా ఏళ్ళ తరువాత మామ నాతో అన్నాడు: "అర ఎకరం చెనక్కాయలు పోయినందుకు ఏడ్చినాను అల్లుడూ. ఆ పొద్దు తుపాకి ఇంట్లో ఉండుంటే, వాడు మన్నులో ఉండేవాడు, నేను జైల్లో ఉండేవాణ్ణి."

ఆయన పోయాక, చట్టం ప్రకారం తుపాకి మళ్ళీ స్టేషనుకు చేరింది. వారసుడుగా లైసెన్సుకు అర్జీ పెడదామని మా బావమరిది అన్నాడు. "పందులకు చుట్టూ కంచె వేయించు నాయనా, ఆ మేకును మాత్రం పీకెయ్" అంది అత్త.

ఈ కథలో రెండు పక్షాలకూ సాక్ష్యం ఉంది. తుపాకి లేక పంట పోయిన మాట నిజం. తుపాకి లేక రెండు కుటుంబాలు నిలిచిన మాటా నిజమే. ఒకటి తిరిగి పండుతుంది, రెండవది పండదు.

ఆడవారి రివాల్వరు

ఆడవారి ఆత్మరక్షణ మాట ఎత్తినప్పుడు ఎదురు చెప్పడం కష్టం. ఢిల్లీ దారుణం జరిగిన తరువాత, 2014లో కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం స్త్రీల కోసమని "నిర్భీక్" అనే తేలిక రివాల్వరు చేసింది. బరువు అర కిలో. ధర లక్షా ఇరవై వేల రూపాయలకు పైమాటే. రాత్రి ఎనిమిదింటికి బస్సుస్టాండులో నిలబడ్డ ఉద్యోగిని జీతమెంత? ఆ ధర పెట్టగలిగినామె కారులో వెడుతుంది. బస్సుకోసం నిలబడ్డామెకు కావలసింది దారిలో దీపం, వేళకు బస్సు, పిలిస్తే పలికే పోలీసు.

దొంగ లైసెన్సు అడగడన్న కుర్రవాడి మాట కూడా నిజమే. ఈ దేశంలో నేరాలకు వాడే తుపాకులు చాలావరకు లైసెన్సు లేనివి. ఐతే దానికి మందు, మంచివాళ్ళందరికీ తుపాకులు పంచడం కాదు. దొంగ కొలుములు ఆర్పడం. వీధిలో పాము తిరుగుతోందని ఇంటికొక పామును పెంచుకోము కదా!

అయినా అనుమతి ఇచ్చే తీరు మారాలి. పొలం కాపలాకు అడిగిన చిన్న రైతు అర్జీ ఏళ్ళ తరబడి నలగకూడదు. హోదా కోసం అడిగిన వాడికి అది తేలికగా దొరకకూడదు. ఇవ్వనప్పుడు కారణం అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలి. మహాత్ముడు పెట్టిన షరతు ఇదే: ప్రజల అదుపు.

ఇంకొక్క మాట. కెనడాలో తుపాకి లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకునేవారిని భార్య లేక భర్త సంతకం కూడా అడుగుతారు. ఆ సంతకం లేకపోతే, ఇలా అర్జీ వచ్చిందని అధికారులే ఆ వ్యక్తికి తెలియజేస్తారు. మన చట్టంలో అటువంటి నియమం లేదు. పోలీసును అడుగుతాం, వైద్యుణ్ణి అడుగుతాం, కలెక్టరుగారి ముద్ర వేయించుకుంటాం. కోపం వస్తే ఆయన ఎలా ఉంటాడో, దిగులు పడితే రాత్రి ఎంతసేపు మేలుకుంటాడో తెలిసిన ఒక్క మనిషిని మాత్రం అడగం. వచ్చేసారి చట్టాన్ని సవరించేటప్పుడు ఆ ఒక్క గడి దరఖాస్తులో చేరిస్తే, ఎన్నో సెక్షన్లు చెయ్యలేని పని ఆ సంతకం చేస్తుందని నా నమ్మకం.